పసుపు పెట్టిన తెలుపు

రంగులు కొలిచే పాత మిషన్లను పరీక్షించి, సరిచేసి, సర్టిఫికెట్ ఇవ్వడం నా ఉద్యోగం. మాదాపూర్‌లో అద్దాల మేడల వెనక ఒక సందులో మా ల్యాబ్ ఉంది. ఏం చేస్తున్నావని అడిగిన చుట్టాలకు ఈ మాట చెబితే, సాఫ్ట్‌వేర్ కాదా పాపం అన్నట్టు చూస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు కూర్చునే గదుల గోడల రంగు కూడా మా దగ్గరికొచ్చే మిషన్లే తేల్చాలని చెప్పబోతే, టీవీ వైపు తిరిగిపోతారు. నాకు ఒళ్లు మండుతుంది. చెప్పడం మానేశాను.

దసరా వెళ్లిన కొన్నాళ్లకు మూసాపేట నుంచి ఒకావిడ ఆటోలో వచ్చింది. పాత దుప్పటిలో చుట్టిన మిషన్‌ను, జ్వరమొచ్చిన పిల్లను దవాఖానకు తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. భర్తకు రంగులు కలిపిచ్చే కొట్టుండేది. ఎండాకాలంలో ఆయన పోయాడు. ఇప్పుడు కొట్టు ఆవిడే నడుపుతోంది. హైటెక్ సిటీలో ఒక కంపెనీ తన ఆఫీసుల్లో అన్ని అంతస్తులకూ ఒకే నీలం వేయిస్తుంది. ఆ నీలం కలిపివ్వడమే వీళ్లకు కూడు పెట్టే పని. ఈమధ్య పంపిన రంగు గోడకెక్కాక ఆకుపచ్చ కొడుతోందని వాళ్లు పని ఆపేశారట. మిషన్ బాగుందని సర్టిఫికెట్ తెస్తే సరే, లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటామన్నారట.

ఈ మిషన్‌తో పాటు అరచేతిలో పట్టేంత తెల్ల బిళ్ల ఒకటి ఉంటుంది. రోజూ కొట్టు తెరవగానే మిషన్‌కు దాన్ని చూపించాలి. తెలుపంటే ఇదీ అని దానికి గుర్తుచేయడమన్నమాట. మిగతా రంగులన్నీ దాన్నిబట్టే లెక్కగడుతుంది. బిళ్ల చెడితే మిషన్‌కు మతి పోయినట్టే.

బిళ్ల డబ్బా తెరిచి, మల్లుగుడ్డ విప్పి చూశాను. బిళ్ల లేత పసుపు రంగులో ఉంది. మీదంతా గీతలు.

ఎవరమ్మా దీన్నిట్లా చేసిందని గట్టిగానే అడిగాను. ఆవిడ బెదరలేదు, దాచలేదు.

"నేనే సారూ. ఆయన గీ బిళ్లను పానం లెక్క చూస్కునేటోడు. ఎవ్వర్నీ ముట్టనియ్యకపోయేది. గందుకే ఆయుధపూజ నాడు అన్నిటికంటె ముందు దీనికే పసుపు పెట్టిన."

బొట్టు కాదు, గడపకు రాసినట్టు నిండుగా రాసిందట. మర్నాడు తుడిస్తే పోకపోయేసరికి గిన్నెలు తోమే పీచుతో రుద్దిందట. పసుపుబిళ్లనే తెలుపనుకున్న మిషన్, ఏ రంగు చూపించినా నీలం ఎక్కువైందని చెప్పింది. ఆవిడ దాని మాట నమ్మి పసుపు కలుపుతూ పోయింది. నీలంలో పసుపు పడితే ఏమవుతుందో చిన్నపిల్లలకూ తెలుసు. నా కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. ఆయుధపూజ మా ల్యాబ్‌లోనూ చేస్తాం. బొట్టు మాత్రం మిషన్ మూత మీద పెడతాం.

మిషన్ తయారుచేసిన కంపెనీకి రాశాను. ఆ మోడల్‌కు సేవలు ఆపేశామనీ, ఏ మిషన్ బిళ్ల దానిదేననీ, విడిగా అమ్మబోమనీ మర్యాదగా జవాబిచ్చారు. ఉన్న బిళ్లనే కొలిచి కొత్త విలువలు మిషన్‌లోకి ఎక్కిద్దామంటే, ఆ దారికి వాళ్లే పాస్‌వర్డ్ తాళం వేసుకున్నారు. తాళంచెవి తమ దగ్గరా లేదన్నారు. అంత మర్యాద చూస్తే నాకు తిట్టాలనిపించింది. ఎవర్ని తిట్టను?

అప్పుడు మా అమ్మ మాట గుర్తొచ్చింది. పసుపు మరక సబ్బుకు లొంగదు, ఎండకు లొంగుతుంది. బిళ్లను మేడ మీద ఎండలో పెట్టాను. పక్క టవర్ నీడ పడినప్పుడల్లా వెళ్లి జరిపాను. సెక్యూరిటీ ఆయన అప్పడాలా సార్ అని వేళాకోళం చేశాడు. నవ్వితే నవ్వాడులే. రోజులు గడిచేకొద్దీ పసుపు నిజంగానే వెలిసిపోయింది. ఆవిడ ఫోన్ చేస్తే, రంగు పోయిందమ్మా, కొలవడం మిగిలిందని చెప్పాను. మర్నాడు నేను వెళ్లేసరికే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది.

ఆవిడ ఎదుటే కొలిచాను. పసుపు లేదు. గీతలున్నాయి. ఒకచోట ఒక తెలుపు, పక్కకు జరిపితే ఇంకో తెలుపు. బిళ్ల తిప్పి కొలిచాను, మిషన్ వేడెక్కనిచ్చి కొలిచాను, నా చెయ్యి వణికిందేమోనని మళ్లీ కొలిచాను. లాభం లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. సూర్యుడు ఇచ్చాడు, నేను ఇవ్వలేకపోయాను. బాగుందని రాసిస్తే ఇంకో అంతస్తు ఆకుపచ్చగా మారుతుంది, అప్పుడు ఆవిడ మాటకూ విలువుండదు.

తెలుపే కదా, బాత్రూం గోడకేసే బిళ్ల పెడితే నడవదా అని అడిగింది. నడవదమ్మా అన్నాను. చేతకానితనమంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. నోటినిండా జ్ఞానం ఉంది, చేతిలో ఏమీ లేదు.

పరీక్షలో తప్పిన మిషన్‌కు, వాడరాదని ఎర్ర స్టిక్కరు అంటించి పంపాలి. మా రూలు అది. స్టిక్కరు తీసి మూత మీద పెట్టబోతే ఆవిడ నా చెయ్యి ఆపింది.

"ఆడ పెట్టకు సారూ."

వంగి చూశాను. మూత మూలన బొట్టు ఉంది. ఏటా ఒకేచోట, ఒకదాని మీద ఒకటి పెట్టగా నల్లగా గట్టిపడిన కుంకుమ. ఆయన పెట్టినది. ఆవిడ కూడా దాన్నే చూస్తోంది.

"పెడితే ఈడ పెట్టాలె అని ఒక్క మాట చెప్పలే సారూ నాకు. చెప్తే ఏం పోతుండె."

స్టిక్కరు పక్కకు అంటించాను. ఆవిడ బిళ్లను మల్లుగుడ్డలో చుట్టి, మిషన్‌ను దుప్పటిలో చుట్టుకుని, ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.