వంతకు విడిచిన చోటు

రత్నమణిది మెత్తని గొంతు కాదు. ఆ మాట ఆమె ముందర అన్నా ఆమెకు కోపం రాదు, పైగా నవ్వుతుంది. వేంపల్లెకు దగ్గరి పల్లెలో ఈ చేలో ఆమె పాట ఎత్తుకుంటే ఆ చేలో కలుపు తీసేవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. ఆదివారం ఏసు గుడిలో ఆమె పక్కన నిలబడి కీర్తన పాడటానికి ఎవరూ ముందుకొచ్చేవాళ్లు కాదు, తమ గొంతు తమకే వినబడదని. మగడు మంగంపేటలో ముగ్గురాయి గనిలో పని చేసేవాడు. నెలకొకసారి ఇంటికొచ్చి, "నీ పాట గనిలోకి గూడా ఇనపడతాండాది మే, కొంచెం తగ్గించుకో" అని ఎగతాళి చేసి, ఆమె చేత రెండు తిట్లు తిని హాయిగా తిరిగి వెళ్లేవాడు.

అట్లాంటి కూలి మనిషి గొంతు గ్రామఫోను రికార్డులోకి ఎక్కిందంటే, అది ఆమె తమ్ముడు ఏసన్న చేసిన అఘాయిత్యం.

ఏసన్న కర్నూలులో మైకుసెట్ల అంగడిలో పని చేసేవాడు. కర్నూలు రాజధాని అయిన కొత్త అది. ఊరంతా డేరాలు, డేరాల్లో సర్కారు కచేరీలు, సందు సందుకూ మీటింగులు. మైకుసెట్టు వాడికి తీరిక ఉంటే ఒట్టు. ఏసన్నకు ఏ వస్తువును చూసినా విప్పి లోపలేముందో చూడకపోతే మనసు నిలవదు. ఒకసారి పాడైపోయిన టెలిఫోనులో చెవి దగ్గర పెట్టుకునే బిళ్లను ఊడదీసి, తత్వాలు పాడే ముసలాయన దగ్గర అడిగి తెచ్చుకున్న తంబూర కడుపులో అతికించాడు. దాని తీగను మైకుసెట్టుకు కలిపాడు. తంబూర తీగ మీద ఇనుప కడ్డీ జారిస్తే, పైన కట్టిన హారను లోంచి మనిషీ కాని, వాయిద్యమూ కాని ఒక గొంతు మూలుగుతూ, రాగం తీస్తూ వచ్చింది. విన్నవాళ్లు మొదట భయపడ్డారు, తర్వాత చుట్టూ మూగారు. దానికి కరెంటు తంబూర అని పేరు వాళ్లే పెట్టారు.

ఒక మీటింగుకు రావలసిన పెద్దమనిషి పొద్దు వాలినా రాలేదు. జనం లేచిపోతున్నారు. తమ్ముణ్ణి చూసిపోదామని వచ్చిన రత్నమణిని ఏసన్న పట్టుకుని మైకు ముందర నిలబెట్టాడు. ఆమె కలుపు పాట పాడింది. వంత ఇవ్వడానికి ఆడవాళ్లు లేరు కదా, ఆ వంతను ఏసన్న కరెంటు తంబూర మీద పలికించాడు. లేచిన జనం మళ్లీ కూర్చున్నారు. ఆ జనంలో మద్రాసు నుంచి వచ్చిన ఒక చిన్న రికార్డుల కంపెనీ మేనేజరు కూడా ఉండటం వీళ్ల అదృష్టం. ఆయన ఇద్దర్నీ మద్రాసుకు రప్పించి రికార్డు చేయించాడు.

ఆ రికార్డు ఎట్లా పాకిందని! కర్నూలు హోటళ్లలో అదే, కడప బస్టాండులో అదే, టూరింగ్ టాకీసుల్లో బొమ్మ వేసే ముందు అదే. పెండ్లిలో పురోహితుడు మంత్రం ఆపి, ఆ పాట అయ్యేదాకా ఆగాడని కూడా చెప్పుకున్నారు. ఎంత నిజమో తెలియదు కానీ రత్నమణి మాత్రం నమ్మింది.

ఇంత సంబరంలో ఒక్క చోట మాత్రం ఆమెకు దెబ్బ తగిలింది. అది ఆమె రోజూ కలుపు తీసే చేను.

కలుపు తీసేటప్పుడు పాటకు ఒక పద్ధతి ఉంది. ముందర పాడే మనిషి ఒక చరణం పాడి, దానికి వంత ఏమిటో తనే ఒకసారి పాడి చూపిస్తుంది. ఆ తర్వాత చరణం పాడి ఆగిపోతుంది. సాలులో ఉన్నవాళ్లంతా ఆ వంత అందుకుంటారు. ఎవరూ నేర్పనక్కర లేదు, పిలవనక్కర లేదు. చెయ్యి కలుపు మీద ఉంటుంది, నోరు వంత మీద ఉంటుంది. వంత రాకపోతే పాట అక్కడే కూలబడుతుంది.

రికార్డు వచ్చాక రత్నమణి చేలో పాట ఎత్తుకుంది. చరణం పాడింది, వంత చూపించింది, మళ్లీ చరణం పాడి ఆగింది. సాలంతా నిశ్శబ్దం. చిన్నప్పటినుంచి ఆమె పాటకు మొదటి వంత ఇచ్చే సిద్దమ్మ కూడా చేతిలో కలుపు తీసే తొలిక ఆపి, నోరు తెరుచుకుని వింటోంది.

"ఏందే సిద్దమ్మా, వంత ఇయ్యవేం?"

"ఉండు మే, రికార్డామె పాడతాంటే మేము అడ్డమొచ్చేదా? ఆ కరెంటు తంబూర మాదిరి పలికేకి మాకు యాడొస్తాది తల్లీ!" అంది సిద్దమ్మ. ఆమె ఎగతాళికి అనలేదు, నిజంగానే అంది. అదే రత్నమణికి గుచ్చుకుంది. తర్వాత ఎన్నిసార్లు పాడినా అంతే. అందరూ వింటారు, మెచ్చుకుంటారు, ఒక్కరూ నోరు కలపరు. ఊరంతా తన పాట మోగుతుంటే తన సాలులో తను ఒంటరిదైపోయింది. ఇంటికొచ్చి ఏడ్చింది కూడా. ఏడుపెందుకో మగడికి చెబితే అతనికి అర్థం కాలేదు.

అట్లాంటప్పుడు మద్రాసు నుంచి రెండో రికార్డుకు పిలుపొచ్చింది. ఏసన్న ఆ కబురు తానే మోసుకుని బస్సు దిగి, వీధి మొదట్నుంచే అరుచుకుంటూ వచ్చాడు. "అక్కా! మళ్లా పిలిచినారు! అట్లాంటిదే ఇంకోటి కావాలంట!" రత్నమణి పొయ్యి మీద సంగటి కలిపే కర్ర చేతిలో పట్టుకునే గుమ్మంలోకి ఉరికింది. ఆ పూట సంగటి మాడిపోయింది. మాడిన సంగటే నవ్వుకుంటూ తిన్నారు ఇద్దరూ.

సాధన చేయడానికి ఆమె కర్నూలు వెళ్లింది. తుంగభద్ర ఒడ్డున ఏసన్న గదిలో తీగలు, డబ్బాలు, హారన్లు, మనిషి కాలు పెట్టే చోటు లేదు. ఆమె కొత్త పాట ఎత్తుకుంది. పాలకొండల వెనక నల్లమబ్బు ఒకటి కూర్చుంది, ఎంత పిలిచినా దిగి రాదు, పాటంతా దాన్ని బతిమాలడమే. ప్రతి చరణం చివర వంత, "దిగిరావే, దిగిరావే". ఏసన్న తంబూర మీద ఆ మాటను పలికిస్తే తీగే మబ్బును పిలుస్తున్నట్టుంది. బాగుంది. చాలా బాగుంది. అందుకే రత్నమణికి భయం వేసింది.

"ఒరే ఏసన్నా, వంత కాడ నువ్వు వాయించొద్దురా. ఊరికే ఇడిసిపెట్టు."

"ఊరికే అంటే?"

"ఖాళీగా. మొదట ఒకసారి నేనే వంత చూపిస్తా. తరువాత ఆ చోటు ఖాళీ. తంబూర సన్నంగా మోగుతా ఉంటే చాలు."

ఏసన్న కడ్డీ కింద పెట్టాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిండాదా? ఖాళీని ఎవరు కొంటారక్కా? జనం మురిసింది ఆ వంతకే కదా. చెప్తే నీకు కోపమొస్తాది గానీ, మనకు పేరొచ్చింది నీ గొంతుతో కాదు, నా తంబూరతో."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. రత్నమణి మాత్రం అరవలేదు.

"అవునురా. నీ తంబూరతోనే. మొన్న వేంపల్లెలో మన రికార్డు ఏసినారు. ఆడోళ్లు వంత కోసం నోరు తెరిసినారు, నేను కండ్లారా చూసినా. వాళ్ల కన్నా ముందు నీ తంబూర పలికింది. తెరిసిన నోర్లు అట్లనే మూసుకున్నారు. ఇప్పుడు మన సిద్దమ్మ గూడా నాకు వంత ఇయ్యదు. నా పాట వింటారు, నాతో పాడరు. నాకేంటికిరా ఇంత పేరు?"

ఏసన్న తీగను ఒకసారి మీటి చూశాడు. ఈ రికార్డు పోతే కంపెనీ మళ్లీ పిలవదని వాడికి తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా, "రికార్డుకు రెండు పక్కలుండాయి కదా. ఒక పక్క నా మాదిరి, ఒక పక్క నీ మాదిరి. మునిగితే ఇద్దరం మునుగుదాం పా" అన్నాడు. రత్నమణి వాడి నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. అది ఆమె సంతోషం చూపించే తీరు.

మద్రాసులో ఆమెను ఎప్పటిలాగే మైకుకు దూరంగా, తలుపు దగ్గర నిలబెట్టారు. దగ్గరుంటే ఆ గొంతుకు మిషను తట్టుకోలేదు. మొదటి పక్క ఒక్క పట్టున అయిపోయింది. ఏసన్న తంబూర ఆరోజు రెచ్చిపోయింది. మేనేజరు అద్దం వెనక నిలబడి తల ఊపుతూనే ఉన్నాడు.

రెండో పక్క మొదలైంది. రత్నమణి చరణం పాడింది, వంత చూపించింది, మరో చరణం పాడి ఆగింది. ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఏసన్న వేలు కడ్డీ మీదకి పోబోయి ఆగడం ఆమెకు దూరం నుంచే కనబడింది. మేనేజరు అద్దం వెనక నుంచి 'వాయించు, వాయించు' అని చేతులూపుతున్నాడు. ఏసన్న కడ్డీని వీపు వెనక దాచుకున్నాడు. తంబూరతోనే పేరొచ్చిందన్న మాటకు లోపల మిగిలిన కోపమంతా ఆ క్షణంలో కరిగిపోయి, ఆమె తర్వాతి చరణాన్ని రెట్టింపు ఊపుతో అందుకుంది.

"ఏమైందయ్యా, మధ్య మధ్య ఆగిపోయావు?" అన్నాడు మేనేజరు బయటకొచ్చి.

"ఆడ వినేవాళ్లు పాడతారు సార్" అన్నాడు ఏసన్న.

"రికార్డు విన్నవాళ్లు పాడటం నేనెక్కడా చూడలేదు. మొదటి పక్క బ్రహ్మాండంగా ఉంది, దాని కోసం ఇది కూడా వేస్తాను. కానీ అమ్మా, సరుకు తిరిగొస్తే మూడోసారి పిలవమని మాత్రం నన్నడగకండి." ఆయన మంచివాడే. ఆ మాట కూడా మంచిగానే చెప్పాడు.

రికార్డు వచ్చిన రోజు అక్కాతమ్ముళ్లు కర్నూలులో బసవన్న హోటల్లో ఒక మూల కూర్చున్నారు. హోటలు నిండా కచేరీల గుమాస్తాలు. మొదటి పక్కకు బల్లలు చరిచారు. బసవన్న రికార్డు తిరగేశాడు. మొదటి ఖాళీ వచ్చింది. గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బసవన్న పరుగున వచ్చి, కీ అయిపోయిందనుకుని గ్రామఫోను పిడి గిరగిరా తిప్పాడు. రెండో ఖాళీకి ముల్లు ఎత్తి, రికార్డును వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఈ పక్క ఏదో పోయిండాదప్పా" అని మళ్లీ మొదటి పక్క వేశాడు.

రత్నమణి టీ గ్లాసు పక్కకు నెట్టింది. 'నేను చెప్పలా' అని తమ్ముడు ఒక్క మాట అంటాడేమోనని చూసింది, అంటే పోట్లాడవచ్చునని. వాడు అనలేదు. ఆమె గ్లాసులో చల్లారిన టీ తాగేసి, "పా అక్కా, నేనూ నీతో ఊరికి వస్తా" అన్నాడు.

వేంపల్లెలో బస్సు దిగేసరికి సంత నిండుగా ఉంది. ఆ ఏడు వానలు ఇంకా మొహం చూపలేదు. చెనక్కాయ విత్తనాలు ఇండ్లలోనే ఉన్నాయి. రైతులు బేరాలు తక్కువ చేసి, కొండల వైపు ఎక్కువ చూస్తున్నారు. బట్టల అంగడివాడు గ్రామఫోను ముందర మైకు పెట్టి, గుంజకు కట్టిన హారను నుంచి పాటలు మోగిస్తున్నాడు. కొత్త రికార్డు వాడి దగ్గరికీ వచ్చింది. మొదటి పక్క అయిపోయి రెండో పక్క మొదలయ్యేసరికి రత్నమణి వెనక్కి తిరిగింది. పోదాం పద అని తమ్ముడి చొక్కా పట్టుకుంది. వాడు కదల్లేదు.

హారను లోంచి ఆమె గొంతు పాలకొండల మీది మబ్బును పిలిచింది. దిగిరావే, దిగిరావే అని వంత చూపించింది. తర్వాతి చరణం పాడి ఆగింది. సంతలో బేరాల గోల తప్ప ఏమీ లేదు. రత్నమణి తల దించుకుంది. ఇంకో చరణం వచ్చింది, ఇంకో ఖాళీ వచ్చింది. మిరపకాయల రాశి దగ్గర కూర్చున్న ఒక ముసలామె, తక్కెడ మీద చూపు తిప్పకుండా, ఎవరితోనూ చెప్పకుండా, "దిగిరావే, దిగిరావే" అంది.

ఏసన్న అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మరుసటి ఖాళీకి గాజుల మలారం దించుకున్నామె అందుకుంది, గంపలు అల్లేవాళ్లు అందుకున్నారు. ఆ తర్వాత బండ్ల దగ్గరి మగవాళ్లు కూడా. వాళ్లకు అలవాటు లేని పని కాబట్టి వంకరగా, గట్టిగా అందుకున్నారు. చివరి చరణాల దగ్గరికొచ్చేసరికి విడిచిన చోటు చాలలేదు. జనం వంత పొర్లి, ఆమె తర్వాతి మాట మీద పడుతోంది, అచ్చం చేలో పడినట్టే. పాట అయిపోయింది. "మళ్లా ఎయ్యప్పా! ఆ పక్కే ఎయ్యి!" అని నాలుగు దిక్కుల నుంచీ కేకలు. ఏసన్న బట్టల అంగడి మీదికి ఉరికి, తానే పిడి తిప్పడం మొదలుపెట్టాడు.

రెండోసారి పాట మొదలైంది. చింతపండు గంపల అవతల నుంచి, జనం అందరి కన్నా పైకి లేచిన ఒక వంత రత్నమణికి వినబడింది. ఆ గొంతును ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. సిద్దమ్మ నెత్తిన గంపతో, ఒక చెయ్యి గాలిలో ఊపుతూ, కండ్లు మూసుకుని మబ్బును పిలుస్తోంది. కండ్లు తెరిచి ఎదురుగా రత్నమణిని చూసింది.

"ఏందే, అట్ల నిలబడుకుంటివి? నోరు పడిపోయిందా?"

"సిద్దమ్మా, అది నేనే కదే పాడేది..." రత్నమణికి ఏడుపు, నవ్వు కలిసి వచ్చి మాట పూర్తి కాలేదు.

"పాడేది ఆడ హారన్లో ఉండే ఆమె. నువ్వు మాతో పాటు కూలిదానివి. ఇట్లొచ్చి వంత ఇయ్యి!" అని సిద్దమ్మ ఆమె చెయ్యి పట్టి పక్కకు లాక్కుంది.

పైన హారను చరణం ముగించి ఆగింది. రత్నమణి కండ్లు తుడుచుకోకుండానే నోరు తెరిచి, అందరితో కలిసి, తన పాటకు తానే వంత ఇచ్చింది.