అక్కకి కుదరని సెట్టు

"ముట్టుకోకండి మాస్టారూ, ఇంకా సెట్ కాలేదు," అన్నాడు పళ్ళాయన, వెనక్కి తిరక్కుండానే.

బల్ల మీద తెల్లటి సుద్ద దవడ ఒకటి ఆరుతోంది. దానివైపు చాచిన వేలిని బైండింగు మాస్టారు వెనక్కి తీసుకున్నాడు. ఎదురు వాటాలో పుస్తకాలు కుట్టుకునే మనిషి. జిగురు ఆరేలోగా ఇక్కడికొచ్చి కూర్చోవడం ఆయనకు ఇరవై ఏళ్ళ అలవాటు. పళ్ళాయన డాక్టరు కాదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, దాన్నిబట్టి కట్టుడు పళ్ళు కూర్చి ఇస్తాడు. కట్టుడు పళ్ళు అనే మాట మాత్రం ఆ గదిలో వినబడదు. అక్కడ ఉన్నదల్లా సెట్టే.

పళ్ళ వరుస సెట్టు. సుద్ద గట్టిపడితే సెట్ అయింది. గోడ గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు సెట్ చేసి పెట్టుకున్నాడు, తనని తనే మోసం చేసుకోవడానికి. పొద్దున తిన్నది పొట్టలో సెట్ కాలేదంటాడు. మేడమీది కొత్త దంపతులు గట్టిగా మాట్లాడుకుంటే ఇంకా సెట్ కాలేదనీ, మాటలు మానేస్తే సెట్ అయిపోయారనీ తేల్చేస్తాడు. ఈ మధ్య ఒక పాత ఇంగ్లీషు నిఘంటువు బైండింగుకి వస్తే, అందులో ఆ ఒక్క మాటకే పేజీలకు పేజీలు ఉండడం చూసి మాస్టారు ముక్కున వేలేసుకున్నాడు. అంత బరువునీ మోసుకొచ్చి చూపించాడు. పళ్ళాయన కళ్ళజోడు పైకెత్తి, మాస్టారి చేత అర్థాలన్నీ చదివించుకుని, తను వాడేవాటిలో సగం ఇందులో లేవని పెదవి విరిచాడు.

అలాంటివాడికి మూడు వారాలుగా ఒక్కటే సెట్ కావడం లేదు. అది సొంత అక్కది.

అక్క అంటే ఆయనకు అమ్మ తరవాత అమ్మ. వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళిందీ ఆవిడే, ఆటల్లోంచి చెవి పట్టుకుని ఇంటికి తెచ్చిందీ ఆవిడే. ఆమధ్య ఆవిడ పళ్ళన్నీ తీయించాల్సి వచ్చింది. అప్పట్నుంచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. మాస్టారి దగ్గర్నుంచి పుస్తకాలు తెప్పించుకుని సాయంత్రాలు వీధి పిల్లలకు కథలు చదివి వినిపించేది, అదీ మానేసింది. పిల్లలు గుమ్మందాకా వచ్చి, తలుపు చూసి వెళ్ళిపోతున్నారు. తమ్ముడు ప్రాణం పెట్టి సెట్టు చేశాడు. కొలబద్ద పెట్టి గీసినట్టుంది వరుస. ఆవిడ ఒక్కరోజు పెట్టుకుని, గిన్నెడు నీళ్ళలో పడేసింది.

ఎక్కడ గుచ్చుకుంటోందక్కా అని అడిగాడు. గుచ్చుకోవట్లేదంది. వదులుగా ఉందా అంటే లేదంది. నమలలేకపోతున్నావా అంటే శుభ్రంగా నములుతున్నానంది. అయినా పట్టుబట్టి తెచ్చి రెండుసార్లు అరగదీశాడు, ఓసారి చిగుళ్ళ దగ్గర అంచు తగ్గించాడు. గిన్నెలోంచి మాత్రం అది బయటికి రాలేదు. నిన్న ఇక ఉండబట్టలేక, నాలుగొందల నోళ్ళకు పనికొచ్చిన చెయ్యి నీ నోటికి చేదయిందా అని అడిగేశాడు.

"ఏమంది?" అన్నాడు మాస్టారు.

పళ్ళాయన చేతిలో మైనం ముద్దని కాసేపు నలిపాడు. "అద్దంలో చూసుకుంటే ఎవరో పెద్దింటావిడ నవ్వుతోందిరా, అంది. మనిషి బాగానే ఉందిట. తను కాదట, అంతే."

అప్పటిగ్గానీ ఆయన బుర్రకు తట్టలేదు. అక్కకి పై వరుసలో ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉండేది. చిన్నప్పుడు దాన్ని పట్టుకుని అందరూ ఏడిపించేవాళ్ళు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది తనే. ఇప్పుడు దాన్ని బుజ్జగించి కిందికి దింపి, వరుసలో బుద్ధిగా నిలబెట్టి, అక్కకి ఎంత మేలు చేశానో అని మురిసిపోయాడు.

"పీడా పోయిందని సంతోషిస్తుందనుకున్నా మాస్టారూ."

మాస్టారు ఊరుకునే రకం కాదు. "నాలుగొందల నోళ్ళు చూశారు గానీ, అన్నం పెట్టిన మనిషి నోరు చూళ్ళేదన్నమాట."

పళ్ళాయన మైనం ముద్దని బల్ల మీద పెట్టేశాడు. మళ్ళీ చేద్దామంటే, ఎక్కింది కుడి పన్నో ఎడమ పన్నో ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తుకు రావడం లేదు. అచ్చు తీసిందేమో పళ్ళు పోయాక. పొద్దుటే పాత ఫొటోలన్నీ తిరగేశాడు. ప్రతిదాంట్లోనూ అక్క పెదాలు బిగించుకునే ఉంది. ఎందుకో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. వెళ్ళి ఆవిడనే అడుగుదామంటే మొహం చెల్లడం లేదు.

జిగురు ఆరి ఉంటుందని మాస్టారు లేచాడు. ఎప్పుడూ కుర్చీ వదలని పళ్ళాయన ఆయన వెంట గుమ్మందాకా వచ్చాడు.

"పుస్తకం ఇచ్చే వంకన ఓసారి అక్క దగ్గరికి వెళ్ళొస్తారా మాస్టారూ? కబుర్లలో పెట్టి, ఏ పన్ను దేనిమీదికి ఎక్కేదో, ఎంత ఎక్కేదో కనుక్కోండి. మళ్ళీ చేస్తున్నానని చెప్పినా ఫర్వాలేదు. తమ్ముడికి గుర్తులేదని మాత్రం ఆవిడకి తెలియనివ్వకండి."