బాపు చేసిన సౌండు పెట్టె

మొన్న తార్నాకలో ఒక వడ్రంగి దుకాణం ముందు నిలబడ్డప్పుడు, జిగురులో కలిపిన రంపపు పొట్టు వాసన ముక్కుకు తగిలి, క్యాంపస్ క్వార్టర్ల వరండా, రాలిన వేపపూత, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు, బండ మీద సుద్దతో గీసుకున్న అష్టాచమ్మా గళ్లు, నా నాలుగో తరగతి ఎండాకాలమంతా ఒక్కసారే గుర్తుకొచ్చింది.

అప్పటికి అమ్మ చనిపోయి ఏడాది కాలేదు. బాపు, అంటే మా నాన్న, యూనివర్సిటీలో ల్యాబ్ అటెండరు. పచ్చిపులుసు కలిపినా, సర్వపిండి తట్టినా, నా జడ వంకరటింకరగా అల్లినా, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. ఆ ఇంట్లో నాకు దిగులుగా ఉండేది. అలాంటి మనిషి ఒకరోజు కాచిగూడ నుంచి పళ్లెమంత స్పీకరు మోసుకొచ్చి, మా పాత వ్యాన్‌లో పెడతానని, దానికి చెక్కపెట్టె తానే చేస్తానని కూర్చున్నాడు.

పని మొదలయ్యాక బాపుకు మాటలొచ్చాయి. చెక్క ఇలా పట్టుకొమ్మని మొదలుపెట్టి, చిన్నప్పుడు తాను వెంట నడిచిన బోనాల డప్పుల మీదుగా, కొత్త కోడలిగా అమ్మ మాడ్చిన మొదటి కూర దాకా వెళ్లేవాడు. అతుకుల్లోంచి గాలి పోతే సౌండు పలచబడుతుందట. ఆయన స్పీకరును అరచేత్తో మెల్లగా నొక్కుతుంటే, నేను అగరుబత్తి పొగను అతుకుల వెంట తిప్పేదాన్ని. పొగ చెదిరిన చోటల్లా పొట్టూ జిగురూ మెత్తేవాళ్లం. ఈ పెట్టె ఎప్పటికీ పూర్తికావద్దని నేను రోజూ దేవుడికి మొక్కుకునేదాన్ని.

మొక్కు ఫలించింది. టేపు పెట్టి మరీ కొలిచి చేసిన పెట్టె వ్యాన్ వెనక తలుపులోనే ఇరుక్కుపోయింది. లోపలి జాగా కొలిచాడు గానీ, తలుపు కొలవలేదు.

"ఏంది బాపూ, ఇల్లు కట్టినంక దర్వాజ యాదికొచ్చిందా?" అన్నాను.

అమ్మ పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. "కోసి మళ్ల చేద్దాం తియ్యి బిడ్డా," అన్నాడు.

అలా ఇంకొన్నాళ్లు కలిసొచ్చాయి. ఆషాఢం బోనాలనాటికి కొత్త పెట్టె వ్యాన్‌లో కుదురుకుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లాలాగూడ దాకా తిప్పాడు. అద్దాలు, సీట్లు, నా పక్కటెముకలు అన్నీ అదిరాయి. అమ్మ మాడ్చిన కూర సంగతి మళ్లీ చెప్పమని అడిగాను. ఆయనకు వినపడలేదు. సౌండు తగ్గించమని చేత్తో సైగ చేశాను.

"ఉండనీ బిడ్డా!" అని అరిచాడు. "సప్పుడు లేకుంటే మీ అమ్మ యాదికొస్తది."

నాకు అమ్మ గురించే వినాలనుంది. ఆ మాట అన్నా వినపడేది కాదు. ఇక ఆ తరువాత మేమిద్దరం ఎక్కడికి వెళ్లినా పాటలే ఉండేవి.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, వ్యాన్ తుక్కుకు పోయింది, బాపూ లేడు. క్యాంపస్ మీదుగా ఇంటికి ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ వెళ్తాను, పాటలు మాత్రం పెట్టను. పక్క సీటు ఖాళీయే. అయినా, ఎవరైనా మాట్లాడితే వినపడాలి కదా.