చేతికి చేసిన లారీ

బొమ్మ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మందమర్రిలో మా క్వార్టరుకు వచ్చిన చుట్టాలు ముందుగదిలో అద్దాల అల్మారా చూసి, "అబ్బో, ఎన్ని బొమ్మలున్నయో!" అంటారు. బొమ్మలు కావండీ, నమూనాలు. అసలు బండిని సరిగ్గా ఇరవై నాలుగో వంతుకు తగ్గించి, బంపరు నుంచి వెనకదీపం దాకా అదే లెక్కన చేసినవి. నేను ఇదంతా చెప్పేసరికి వాళ్ల చాయ్ చల్లారిపోతుంది, మా ఆవిడ వంటింట్లోంచి కావాలని దగ్గుతుంది. అయినా చెప్పకుండా ఉండలేను. నా కోపం అలాంటిది.

గని వర్క్‌షాపులో ఫిట్టరును. పగలంతా మనిషంత పంపులూ గేరుబాక్సులూ విప్పి బిగిస్తాను. ఇంటికొస్తే అవే చేతులకు చిన్న పని కావాలి. విదేశీ కార్లకైతే విడిభాగాల డబ్బాలు దొరుకుతాయి, అతికించుకుంటే చాలు. మన రోడ్ల మీద తిరిగిన, ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన పాత ముక్కు లారీలకు అలాంటివి ఎవరు చేస్తారు? అన్నీ నేనే చేసుకోవాలి. నూనె డబ్బా రేకుతో బాడీ, చెడిపోయిన గడియారాల మరలతో బోల్టులు, సైకిల్ ట్యూబు ముక్కలతో టైర్ల వెనక మడ్‌గార్డు రబ్బర్లు. తుక్కు దుకాణాల్లో దొరికిన పాత రేకు లారీలను తెచ్చి, తుప్పు గీకి, సొట్టలు తీసి, మళ్లీ నిలబెట్టిన రోజులూ ఉన్నాయి. ఒక్క హెడ్‌లైటు కోసం వారం రోజులు కూర్చున్నానంటే ఎవరూ నమ్మరు. మా ఆవిడ నమ్ముతుంది, ఆ వారం కూరగాయలు తెచ్చింది ఆమే కనుక.

ఈ పిచ్చి నాకు అంటించింది మా బావ. మా అక్క మొగుడు. నస్పూర్‌లో ఉంటారు. ఆయనకు ముక్కు లారీ ఒకటి ఉండేది. ముప్పై ఏళ్లు దాన్నే నడిపాడు. బొగ్గు తోలాడు, సీజన్లో జమ్మికుంట మార్కెట్‌కు పత్తి తోలాడు. ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపు నేను టేపు పట్టుకుని లారీ కింద దూరేవాణ్ని. "ఏంది బామ్మర్దీ, నా బండికి అంగీ కుట్టిస్తవా?" అని ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేస్తూనే టార్చిలైటు పట్టేవాడు.

షుగరు ఆయన కళ్లను మెల్లగా తినేసింది. ఒకరోజు ఇందారం దాటాక రోడ్డు పక్కన నిలబడిన బర్రె ఆయనకు కనబడలేదు. దాని కొమ్ము తలుపుకు రాసుకుపోయాక గానీ బండి ఆపలేదు. ఆ బర్రె స్థానంలో మనిషి ఉంటే ఏమయ్యేదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటికొచ్చి, తాళాలు అక్క చేతిలో పెట్టి, "ఇగ నేను ముట్ట" అన్నాడు. హైదరాబాద్‌లో రెండుసార్లు ఆపరేషన్ చేయించాం. ఉన్న మసక వెలుతురు కూడా పోయింది. లారీని అమ్మేశారు.

ఏడాది తర్వాత అక్క ఫోన్ చేసింది. మా అక్క ఏడ్చే మనిషి కాదు. ఆ రోజు మాత్రం గొంతు తేడాగా ఉంది.

"తమ్మీ, మీ బావ మాట్లాడుతలేడురా. గోడ దిక్కు మొకం పెట్టి పంటున్నడు. అన్నం కలిపి ఇస్తె రెండు బుక్కలు తిని పల్లెం నూకేస్తుండు. చర్చికి రమ్మంటె రాడు. అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసిండు, ఆమెన్ గూడ అనలే. ఈ మనిషి గిట్లనే గోడను సూసుకుంట పోతడేమోనని బయమైతుందిరా నాకు."

నాకు తెలిసిన విద్య ఒక్కటే. అదే చేస్తానన్నాను. ఆయన లారీని ఆయనకు చేసి ఇస్తాను.

ఐదు నెలలు పట్టింది. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ చేయలేదు. పాత ఫోటోలు ముందేసుకుని, టేపు కొలతల నోటుబుక్కు వెతికి తీసి, ప్రతిదీ ఇరవై నాలుగుతో భాగించి చేశాను. ఆ లారీది ఒక రకమైన ఆకుపచ్చ, ఎండకు కొంచెం వెలిసిన ఆకుపచ్చ. అది కుదరడానికి నాలుగుసార్లు రంగు గీకి మళ్లీ వేశాను. పక్కపలకల మీద పువ్వులు, వెనక అక్షరాలు, మూడు వెంట్రుకలు మాత్రం మిగిల్చిన కుంచెతో రాశాను. వైపర్లు చీపురుపుల్ల చీలికంత సన్నం. అయిపోయాక నాకు నేనే దండం పెట్టుకోవాలనిపించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక నస్పూర్ వెళ్లాను. అక్క చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అచ్చం గదే! గా ఆకుపచ్చ గూడ గదేరా!" అంది. నేను ఉబ్బిపోయాను. బావను మంచం మీద కూర్చోబెట్టి, ఒళ్లో చెక్కపలక పెట్టి, దాని మీద లారీ పెట్టాను.

బావ చేతులు మీకు తెలియవు. ముప్పై ఏళ్లు స్టీరింగు తిప్పిన వేళ్లు, అరటికాయలంత లావు. ఆ చేతులు లారీ మీదికి వచ్చాయి. టక్కుమని పక్కద్దం విరిగింది. తర్వాత వైపరు.

"పైలం బావా! పైలం!" అని అరిచాను.

ఆయన రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు. నెలల తర్వాత ఆయన నోటినుంచి మాట వచ్చింది, అయితే నేను వినాలనుకున్న మాట కాదు.

"నువ్వు గూడ అన్నవ్ బామ్మర్దీ. గిలాస ముట్టుకుంటె పైలం. ఇంటి కడప దాటితె పైలం. గిప్పుడు నా బండిని ముట్టుకుంటె గూడ పైలమేనా? తీస్కపో. నీ అల్మారల పెట్టుకో."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మా దిక్కు పైలం అంటే జాగ్రత్త అని మాత్రమే కాదు. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్తున్నా అనే మాట అది. పోయి రా అన్నట్టు, నీకోసం చూస్తుంటాం అన్నట్టు. లారీ కదిలే ప్రతిసారీ అక్క వాకిట్లో నిలబడి పైలం అనేది. అప్పుడది రోడ్డు మీదికి పంపే మాట. ఇప్పుడు అదే మాటతో మేమంతా ఆయన చేతులు కట్టేస్తున్నాం. ఈ తెలివి నాకు ఆ రోజు రాలేదు. ఆ రోజు నాకు వచ్చింది కోపం. ఐదు నెలల కష్టాన్ని అల్మారాలో పెట్టుకొమ్మంటాడా? బస్సులో లారీని ఒళ్లో పెట్టుకుని మందమర్రి దాకా బావను మనసులో తిడుతూనే వచ్చాను. నెల రోజులు నస్పూర్ ముఖం చూడలేదు. అక్క ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానని అబద్ధం చెప్పాను. సిగ్గుగా ఉంది ఇప్పుడు రాస్తుంటే.

ఒకరోజు వర్క్‌షాపులో ఒక పంపు వెనక నట్టు వదులైంది. అక్కడికి కన్ను పోదు, చెయ్యి మాత్రమే పోతుంది. మోచేతి దాకా దూర్చి, వేళ్లతో వెతుకుతున్నాను. ఆ నట్టు వేలికి తగిలితే ఎంత పెద్దగా అనిపించిందో! బయటికి తీసి చూస్తే మామూలు నట్టే. దాన్ని చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఇరవై ఏళ్లుగా కనబడని నట్లు వెతికే మనిషిని నేను. వేలి కొలత వేరు, కంటి కొలత వేరని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

ఇంటికొచ్చి అల్మారా తెరిచి, కళ్లు మూసుకుని బావ లారీని తడిమాను. ఏమీ లేదు. అంతా గరుకు. తలుపు పిడి నువ్వుగింజంత, వేలికి అందితే కదా! తలుపు తెరుచుకోదు, అతికించేశాను. గేర్ రాడ్ అద్దం వెనక ఉంది, చూడొచ్చు, పట్టుకోలేం. ఇక ఆ ఆకుపచ్చ! గుడ్డి మనిషి కోసం నెలరోజులు రంగు కలిపాను నేను. నాలాంటి మూర్ఖుడు ఇంకొకడు ఉంటాడా? కళ్లు లేని బావ పేరు చెప్పుకుని నా కళ్ల కోసం చేసుకున్నాను దాన్ని. ఎన్ని రోజులు కొలిచానో గానీ, ఎవరి కోసం అన్నది కొలవలేదు.

మరుసటి ఆదివారం రేకు ముక్కలు, ఇత్తడి తీగ, మెత్తని పుట్టీ ముద్ద సంచిలో వేసుకుని వెళ్లాను.

"మళ్ల ఎందుకొచ్చినవ్?" అన్నాడు బావ, గోడ వైపు నుంచే.

"కొలతలు కావాలె బావా."

"టేపు ఉన్నది కదా నీకు."

"టేపుతోని తప్పు వచ్చింది. నీ చెయ్యి కావాలె." పుట్టీ ముద్దను ఆయన అరచేతిలో పెట్టాను. "గేర్ రాడ్ ఎట్లుంటదో చేసి చూపెట్టు."

చాలాసేపు ముద్దను పిసుకుతూ ఉన్నాడు. విసిరికొడతాడేమో అనుకున్నాను. తర్వాత లేచి కూర్చున్నాడు. బొటనవేలితో నొక్కి పొడుగ్గా చేశాడు. పైన గుండ్రంగా తిప్పాడు.

"నీ దాంట్ల నిటారుగ పెట్టి ఉంటవ్. నాకు ఎర్కే. అది మోకాలు దిక్కు వంగుతది. పడుసు పిల్ల తల వంచినట్టు," అన్నాడు. వంటింటి తలుపు దగ్గర నిలబడిన అక్క ఒక్క అడుగు ముందుకు వేసి, మళ్లీ ఆగిపోయింది.

అలా ప్రతి ఆదివారం. ఆయన చెప్పడం, నేను చేయడం. ఇరవై నాలుగో వంతు స్కేలు అన్నది పూర్తిగా పక్కన పెట్టాను. పక్కన పెట్టడం సులువు కాలేదు, పన్ను పీకించుకున్నట్టే అయింది. తలుపు పిడి మక్కగింజంత. గేర్ రాడ్ సీటు కంటే పొడుగు. తలుపులకు నిజమైన కబ్జాలు, అంటే చిన్న పెట్టెలకు వేసే మడతబందులు, రెండు వేళ్లు పెడితే తెరుచుకునేలా. అద్దాలు లేవు, రంగు లేదు, మొత్తం మందపు రేకు. కింద పడ్డా ఏమీ కాదు. నమూనాలు చేసేవాళ్ల ఫోన్ గ్రూపులో ఫోటో పెడితే, ఇదేం లారీ, తలకాయ మాత్రమే పెరిగిందా అని నవ్వారు. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. కోపం ఎక్కడికి పోతుంది?

బావ పని చెప్పేటప్పుడు ఎవరినీ లెక్కచేయడు. ఇత్తడి రేకులో గేర్లకు గాడి కోసి ఇచ్చాను. రాడ్ అటూ ఇటూ తిప్పి చూసి ముఖం చిట్లించాడు.

"రెండో గేరు గింత అల్కగ పడదు. నా బండిది జర మొండిది. జబ్బ పెట్టి నూకాలె."

మొండితనం కూడా చేయాలట! గాడిలో ఆ ఒక్కచోట అంచు కొంచెం ముందుకు వదిలి ఆకురాయితో అరగదీశాను. నాలుగోసారికి కుదిరింది. రాడ్ గరగరమని పడగానే బావ పళ్లు బయటపెట్టి నవ్వాడు. ఏడాదిన్నర తర్వాత నేను చూసిన నవ్వు అది. గబగబా బయటికెళ్లి వాకిట్లో ముఖం కడుక్కున్నాను.

తింటున్నాడు ఇప్పుడు. గోడ వైపు తిరగడం మానేశాడు. నాతో ఎడతెగని లారీ ముచ్చట్లు. అక్కతో మాత్రం ఒక్క మాట లేదు. ఆమె పళ్లెం పెడితే తింటాడు, చెయ్యి పట్టుకుంటే నడుస్తాడు, నోరు మాత్రం విప్పడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "నాతోని గింత ముచ్చట పెడుతవ్. మా అక్క ఏం పాపం చేసింది?"

గేర్ రాడ్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ చెప్పాడు. "ముప్పై ఏండ్లు నేను తెచ్చి పెట్టిన. గిప్పుడు అది నన్ను పట్టుకొని తానానికి తోల్కపోతది. ఏం మొకం పెట్టుకొని మాట్లాడాలె బామ్మర్దీ?"

ఆకురాయి తీసుకుని పని చేసుకున్నాను.

లారీ పూర్తయిన రోజు మంచం మీద ఆయన పక్కనే కూర్చున్నాను. పైలం అనలేదు, నాలుక కొరుక్కుని కూర్చున్నాను. ఆయన వేళ్లు ముక్కు మీదుగా పైకి వెళ్లాయి. కుడి తలుపు పిడి దొరికింది. తెరిచాడు. రెండు వేళ్లు సీటు మీద కూర్చోబెట్టాడు, మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టు. స్టీరింగు, హ్యాండ్ బ్రేకు, గేర్ రాడ్. అన్నీ ఉన్నాయి. తర్వాత చెయ్యి ముక్కు మీదుగా అటువైపుకు వెళ్లింది. ఎడమ తలుపు తెరిచాడు. ఖాళీ సీటును బొటనవేలితో తుడిచాడు, దుమ్ము దులిపినట్టు.

"ఏమే," అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. పిలిచింది తననేనా అన్నట్టు నా వైపు చూసింది. బావ గాల్లో చెయ్యి చాపి వెతికి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె చూపుడువేలు తీసి ఎడమ సీటు మీద పెట్టాడు.

"కూసో. జమ్మికుంట పోదం."

ఆ లారీలో మా అక్క ఏనాడూ ఎక్కలేదు. నెలనెలా సీటు కవర్లు ఉతికింది, క్యాబిన్‌లో బొగ్గుదుమ్ము తుడిచింది, అంతే. ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని లారీ నడిపితే రోడ్డు మీద అందరూ ఏమంటారోనని బావ ఎక్కనివ్వలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగిందట, మళ్లీ అడగలేదు.

అక్క గొంతు ఒక్కసారిగా లేచింది. "ముప్పై ఏండ్లకు యాదికొచ్చిన్నా నీకు? కండ్లు పోయినంక కనవడ్డనా?"

అని ఏడ్చింది. వేలు మాత్రం తీయలేదు. బావ ఆమె వేలు సీటు మీదే ఉందో లేదో మరోసారి తడిమి చూసుకుని, రెండో చేత్తో మొదటి గేరు వేశాడు.