సాకెట్‌లో కుంకుమ

బోరబండలో కంప్యూటర్లు బిగించే తిరుపతి, ఏ మదర్‌బోర్డును ముట్టుకోవాలన్నా ముందు షట్టర్ ఇనుమును తడుముతాడు. ఒంటి మీది కరెంటు చిప్పులకు తగలకూడదని. నల్లగండ్ల నుంచి జయంతి తెచ్చిన ఖరీదైన బోర్డును చూసి కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో, వెంట్రుకల్లాంటి పిన్నుల నడుమ కుంకుమ ఎండిపోయి ఉంది.

"ఏందమ్మా గిది? మూత తీసి మరీ గీడనే బొట్టు పెట్టిన్రా?"

"కొత్త వస్తువు కదండీ! సోమవారానికి యానిమేషన్ పని ఇవ్వకపోతే నా ఉద్యోగం పోతుందండి."

గొణుగుతూనే మెత్తటి బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ బిగించాడు. రెండుసార్లు స్విచ్ వేసినా, లోపం చూపే ఎర్ర దీపమే వెలిగింది. మూడోసారి తన స్క్రూడ్రైవర్ల డబ్బాను కళ్లకద్దుకుని స్విచ్ నొక్కాడు. తెర వెలిగింది.

డబ్బా మూత మీది పాత బొట్టు చూసి జయంతి నవ్వబోయింది.

"డబ్బాకు పిన్నులుండయ్ గదమ్మా," అన్నాడు తిరుపతి చిరాగ్గా.