ఆ గుంపులో ఏ దుప్పి?

ఆ వానాకాలం మా పెసరచేను మీద పదకొండు దుప్పులు పడ్డాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్లను నడక చూసి పోల్చుకున్నట్టే ఆ పదకొండింటినీ విడివిడిగా పోల్చుకునేదాన్ని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లో ఇరవై నాలుగేళ్లో.

చేను అంటే పెద్దదేం కాదు, ఎకరన్నర మెట్ట చెలక. మా అత్తవాళ్ల భూమిలో బొగ్గుబాయి క్వార్టర్లకు పోగా మిగిలిన ముక్క. ఒక పక్క క్వార్టర్ల వెనక గోడలు చేను గట్టును ఆనుకునే ఉండేవి. ఇంకో పక్క బాయికి, అంటే గనికి, పోయే మట్టిరోడ్డు. మూడో పక్క మోదుగపొదల వర్రె, వానొస్తే పారే చిన్న వాగు. అడవి కొట్టి కొత్త బాయిలు తవ్వుతున్న ఆ రోజుల్లో దుప్పులకు మేత ఎక్కడ తగ్గిందో ఏమో, తెల్లారకముందే వర్రె దాటి మా చేలోకి వచ్చేవి. లేత కాయ, పూత, చిగురు, ఏదీ వదిలేవి కావు. మంచె మీద కూర్చుని డబ్బా కొట్టేదాన్ని, వడిసెలతో రాళ్లు విసిరేదాన్ని. మొదటి వారం బెదిరాయి. తర్వాత బాయి సైరన్‌కే బెదరని జంతువులు నా డబ్బాకు బెదురుతాయా? తలెత్తి ఒకసారి నన్ను చూసి మళ్లీ మేసేవి.

నా భర్త బాయిలో బొగ్గు నింపే పని చేసేవాడు. క్వార్టర్లలో ఒకాయనకు లైసెన్సు తుపాకీ ఉందని, అడిగితే వచ్చి ఒకటి కాలుస్తాడని ఒకరోజు చెప్పాడు. నేను గోడల వైపు చూపించాను.

"గుండు దుప్పికి తాకకపోతే ఎవలింట్ల పడుతది? పిల్లగాండ్లు ఆరుబయట పండుకుంటరు."

"మరి ఏం చెయ్యమంటవు?"

"మా తమ్మిని పిలుస్త."

మా పుట్టిల్లు గోదావరి అవతల అడవి పల్లె. మా నాయన, మా తాత విల్లుతో వేటాడినవాళ్లే. తమ్ముడు నాకంటే రెండేళ్లు చిన్న, అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి, మా పల్లెలో వాడిని మించిన విలుకాడు లేడు. సంతకు వచ్చినవాళ్లతో కబురు పంపిన నాలుగో రోజు వాడు దిగాడు. వెదురు విల్లును గోనెపట్టాలో చుట్టి, దుడ్డుకర్ర అని చెప్పి బస్సెక్కాడట. వాడిని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అన్నం కూడా తిననివ్వకుండా చేలోకి లాక్కుపోయి కాలిముద్రలన్నీ చూపించాను.

వాడు వంగి చూసి, గోడలు చూసి, రోడ్డు చూసి, మంచె ఎక్కి దిగాడు.

"అక్కా, మంచె మీదికెల్లే ఎయ్యాలె. పైనుంచి కిందికేస్తే తప్పినా బాణం భూమిల దిగుతది. ఇరవై అడుగులు దాటితే ఎయ్య. ఒక్కదాన్నే కొడుత."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. ఏదో నువ్వే చెప్పాలె. నేను ఇయ్యాల వచ్చినోన్ని, వాటి సంగతి నాకేమెరుక? ముందు మూడు పొద్దులు ఉత్తగనే చూద్దాం."

ఆ మాటతో ఇల్లంతా సంబరం మొదలైంది. ఏ దుప్పిని కొట్టాలన్న దాని మీద మా ఇంట్లో జరిగినంత చర్చ పెళ్లి సంబంధాల మీద కూడా జరగలేదు. నా భర్తకు పెద్ద పోతు కావాలి. దాని కొమ్ములు మూడేసి కొనలతో, ఎత్తుగా, కొలిమిలో కాల్చి వంచినట్టు ఉండేవి. వాటిని గోడకు బిగించాలని మేకు కూడా చూసి పెట్టుకున్నాడు. మా అత్త మాత్రం పిల్లతల్లి జోలికి పోవద్దని తెగేసి చెప్పింది.

పక్క క్వార్టర్‌లో ఉండే, అందరం భాయ్ అని పిలిచే ఆయన బాయి వర్క్‌షాపులో ఫిట్టర్. నన్ను చెల్లె అనేవాడు. తమ్ముడి బాణాల మొనలు చూసి, "ఇదేం మొద్దు లోహా?" అని ఆకురాయి తెచ్చి తన అరుగు మీద కూర్చుని బ్లేడులాగా చేసి ఇచ్చాడు. ఆయనదొకటే షరతు.

"చెల్లే, జాన్ ఉండంగనే, పాణం పోకముందే నన్ను పిలువు. నేనొచ్చి బిస్మిల్లా చెప్పి కోస్త. లేకుంటే మా ఇంట్ల ఎవ్వరు తినరు. అందుకే దూరం ఉరికేదాన్ని కొట్టకుండ్రి."

"పక్కనే పడేటట్టు కొడుత భాయ్," అన్నాడు తమ్ముడు నవ్వుతూ. కానీ తర్వాత నాతో, "ఆయన అన్నది నిజమే అక్కా, పెద్ద పోతుకు బాణం సరిగ్గ తాకినా ఫర్లాంగు ఉరుకుతది," అన్నాడు.

నా మనసులో మాత్రం వేరే దుప్పి ఉంది. గుంపు ముందు నడిచే ముసలి ఆడది. దాని ఎడమ చెవి కొన దాకా చీలి ఉండేది. వర్రె గట్టు మీదికి ముందు అదే వచ్చేది. అది నిలబడి గాలి చూసి, చేలో కాలు పెడితే గానీ మిగిలిన పది కదిలేవి కావు. మా చేను దారి పట్టించింది అదేనని నా కోపం. "దాన్నే కొట్టు తమ్మీ, పీడ పోతది," అన్నాను మొదటి రోజే.

వాడు విల్లు తుడుస్తూ, "చూద్దాం పా," అన్నాడు.

మొదటి పొద్దు మంచె మీద ఇద్దరం గొంగడి కప్పుకుని కూర్చున్నాం. అవి వర్రె ఎక్కిన అలికిడి వినిపించింది. ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టి తమ్ముడికి చెప్పాను. చీలిన చెవిది ముందు. పిల్లలున్న తల్లులు మూడు, వాటి వెనక మూడు పిల్లలు. పిల్ల లేని ఆడది ఒకటి. పెద్ద పోతు అన్నిటికంటే చివర వచ్చి క్వార్టర్ల గోడ పక్క నిలబడేది, దాని వెనక ఎప్పుడూ ఎవరిదో ఒక కిటికీ ఉండేది. ఇంకా రెండు కుర్ర పోతులు. ఒకటి తల్లుల మధ్యే తిరిగేది. రెండోదానికి చిటికెన వేలంత కొమ్ములు. దానికి బొబ్బర్లంటే పిచ్చి. గుంపును వదిలి మంచె కిందున్న బొబ్బర సాలు దగ్గరికి ఒంటరిగా వచ్చేది.

పిల్ల లేని ఆడదాన్ని కొడితే ఎట్లా ఉంటుందని తమ్ముడి చెవిలో అడిగాను. "గిప్పుడు పోతు ఎంబడి తిరిగే కాలం అక్కా. కడుపుతోని ఉన్నదో లేదో నీకు నాకు ఎట్ల తెలుస్తది?" అన్నాడు. దాన్ని వదిలేశాం.

రెండో పొద్దు రోడ్డు మీద సైకిల్ గంట మోగింది. చీలిన చెవిది ముందుకాలు నేలకు టపటపా కొట్టింది. అంతే, అన్నీ దాని వెనకే ఒక్క వరుసలో వర్రెలోకి దూకాయి. ఒక్కటి కూడా దారి తప్పలేదు. మూడో పొద్దు ఎందుకో ముసలిది వర్రె అవతలే ఆగిపోయింది, మిగిలినవి ఆకలికి ఆగలేక వచ్చేశాయి. ఎవరో తలుపు తీసిన చప్పుడుకు చెల్లాచెదురయ్యాయి. రెండు తల్లులు క్వార్టర్ల సందులోకి దూరి నీళ్ల బిందెలు పడగొట్టి, ఒక ముసలమ్మ మంచం మీద నుంచి దూకి పోయాయి. వీధి వీధంతా అరుపులు.

అప్పుడు నాకు తట్టింది. తమ్ముడి భుజం పట్టి ఊపాను.

"తమ్మీ, చెవి చిరిగినదాన్ని కొట్టద్దు! అది పోతే తక్కినయన్ని దిక్కులేక గీ చేన్లనే, గీ సందులల్లనే తిరుగుతయి. ఇక్కడ పాణభయం ఉన్నదని దానికే తెలువాలె. అదే తోలుకపోతది."

వాడి ముఖం వెలిగిపోయింది. "మరి ఏది?"

"బొబ్బర్లు తినేది. మంచె కిందికే వస్తది, ఒంటరిగ వస్తది, వెనుక ఏ గోడ లేదు."

"గదే అనుకున్న. నువ్వే అనాలెనని చూసిన," అన్నాడు.

నాలుగో పొద్దు సన్నని తుంపర. నారి వెదురు పొరతో చేసింది, తడిసినా సడలదన్నాడు. నా చెయ్యి వాడి మోకాలి మీద ఉంచాలి, ఒక్కసారి నొక్కితే వదలాలి. అదీ ఒప్పందం. మసక వెలుగులో అవి వర్రె గట్టెక్కాయి. లెక్కపెట్టాను, పదకొండు. కానీ ఆ రోజు ఎన్నడూ లేనిది, పెద్ద పోతు గోడ వైపు పోకుండా నేరుగా మా మంచె వైపు నడిచి వచ్చింది.

పన్నెండడుగుల దూరంలో అడ్డంగా నిలబడింది. కొమ్ముల మీద వాన చినుకులు కనిపిస్తున్నాయి. దాని ఊపిరి వినిపిస్తోంది. తమ్ముడు నారి చెంప దాకా లాగాడు. వాడి కళ్లు నన్ను అడుగుతున్నాయి. నా భర్త చూసి పెట్టుకున్న మేకు గుర్తొచ్చింది. ఇంత దగ్గరగా ఇంకెప్పుడొస్తుంది? మూడు రోజులుగా చెప్పుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. నా వేళ్లు బిగుసుకున్నాయి కూడా.

అంతలో రోడ్డు మీద రాత్రి షిఫ్టు దిగి వస్తున్నవాళ్ల సైకిళ్లు, మాటలు. బాణం తగిలితే ఆ పోతు నేరుగా వాళ్ల మీదికే ఉరుకుతుంది. వాళ్లలో నా భర్త కూడా ఉంటాడు. అడ్డంగా తలూపాను. తమ్ముడు ఊపిరి కూడా వదలకుండా నారిని మెల్లగా సడలించాడు. 

పోతు ఇంకో నాలుగడుగులు వేసి పక్కకు తప్పుకుంది. దాని వెనకే, ఏమీ ఎరగనట్టు, బొబ్బర్ల కుర్రది వచ్చింది. సరిగ్గా మా కింద. తల వంచి తీగ లాగింది.

నొక్కాను.

నారి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అది నిటారుగా పైకెగిరింది. అవతల చీలిన చెవిది కాలు కొట్టింది, చేనంతా ఒక్కసారిగా లేచింది. కుర్రది వర్రె వైపు ఓ నలభై అడుగులు ఉరికి మోకాళ్ల మీద పడింది. నేను మంచె మీద నుంచి దూకి, "భాయ్! భాయ్! జల్ది!" అని గొంతు చించుకున్నాను. భాయ్ లుంగీ ఎగ్గట్టి, చేత్తో కత్తి పట్టుకుని, ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలికి లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆయన బిస్మిల్లా అన్నప్పుడు దాని కన్ను ఇంకా కదులుతోంది.

అదే సమయానికి పెద్ద పోతు చేను గట్టు మీది ముళ్లకంప దూకి రోడ్డు మీద పడి, నా భర్త సైకిల్ ముందు నుంచే దూసుకుపోయింది. ఆయన సైకిల్‌తో సహా బురదలో పడ్డాడు. మొహమంతా బొగ్గు, దాని మీద బురద. లేచి వచ్చి చిన్న కుర్రదాన్ని చూసి, "పెద్దది నా ముక్కు ముందటికెల్లే పోయింది, మీరు గీ పిల్లదాన్ని కొడుతరా?" అన్నాడు. అందరం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆయన కూడా.

తమ్ముడు మాత్రం నవ్వలేదు. దుప్పి పక్కన కూర్చుని దాని వీపు మీద చెయ్యి వేశాడు. నేనూ వంగి చెయ్యి వేశాను. మెత్తని చుక్కల తోలు ఇంకా వెచ్చగా ఉంది. బొబ్బర ఆకు దాని నోట్లోనే ఉంది.

మధ్యాహ్నానికి పన్నెండు ఇళ్లకు మాంసం పంచాం. బిందెలు పడ్డ ఇంటికి, ముసలమ్మ ఇంటికి ముందు పంపాం. భాయ్ భార్య తమ వాటాలో సగం పుల్లగా, కారంగా వండి తిరిగి మాకే పంపింది. మా అత్త ఎన్నడూ లేనిది రెండోసారి వడ్డించుకుంది.

మరుసటి పొద్దు నుంచి చేలోకి ఒక్క దుప్పీ రాలేదు. ఆరో రోజు నేను, తమ్ముడు మంచె మీద ఉండగా వర్రె అవతలి గట్టు మీద చీలిన చెవిది కనిపించింది. వెనక తొమ్మిది. అది మా మంచెను చాలాసేపు చూసింది. కాలు రెండుసార్లు నేలకు కొట్టి, గుంపును తిప్పుకుని, అడవి మిగిలిన వైపు తీసుకుపోయింది. నేను మంచె మీదే ఎగిరితే కర్ర ఒకటి విరిగింది. ఆ ఏడాది పెసర్లు మాకు తినను, తమ్ముడికి మూట కట్టి ఇవ్వను కూడా మిగిలాయి.

వాడు వెళ్లేరోజు గోదావరి రేవు దాకా వెంట పోయాను. పడవ అవతలి ఒడ్డున ఉంది. ఒక్కసారి విల్లు ఇవ్వమని అడిగాను. చిన్నప్పటి నుంచి మోశాను, తుడిచాను గానీ ఎన్నడూ లాగలేదు.

"లాగు. మోచెయ్యి ఎత్తు. ఊపిరి బట్టు. గట్ల కాదక్కా, చెంప దాక."

పళ్లు బిగబట్టి లాగాను. వదిలాను. బాణం నేననుకున్న ఇసుక దిబ్బను వదిలేసి తుంగలోకి దూసుకుపోయింది. ఇద్దరం మోకాళ్ల లోతు నీళ్లలో తుంగ చీల్చుకుంటూ వెతికాం. ఈలోగా పడవ వచ్చి, పడవాయన వాడిని రమ్మని కేకలేస్తున్నాడు.

"దొరికింది! దొరికింది!" అని తమ్ముడు బాణం పైకెత్తాడు. "మస్తు దూరం పోయిందక్కా!"

"ఇంకొక్కటి ఎయ్యనియ్యి తమ్మీ," అన్నాను.