నిద్రపోయి లేచే కంప్యూటర్

కోరుట్లలో మా ఫొటో స్టూడియో పక్కనే మొగిలి నెట్ సెంటర్. మొగిలి మేడిపల్లిలో కూలీల ఇంట్లో పుట్టి, ఒక్క పాత కంప్యూటర్‌తో బతుకుతున్న మనిషి. ఎవరి ఫారం నింపినా తన సొంత పనిలాగే కంగారు పడేవాడు.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు, కరెంటు గంటకోసారి పోయేది. సగం నింపిన ఫారాలు పోకూడదని మొగిలి కంప్యూటర్‌ను పూర్తిగా ఆపడం మానేశాడు. ఇన్వర్టర్ అయిపోయేలోగా స్లీప్ నొక్కి నిద్రపుచ్చేవాడు. కరెంటొచ్చి లేపితే ఫారం ఎక్కడిదక్కడే ఉండేది. ఆ తెలివిని నేనూ మెచ్చుకున్నాను.

ఒకరోజు తెర మీద ఎర్ర హెచ్చరిక వచ్చింది: మెమొరీలో ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రాం ఉందని. డిస్కంతా వెతికిస్తే ఏమీ దొరకలేదు. మరునాడు మళ్లీ అదే.

"ఉత్తగనే మొత్తుకుంటున్నది, దాని నోరు మూయించు" అన్నది నేనే. మొగిలి హెచ్చరికలు రాకుండా చేసేశాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

వారానికి మొగిలి ఊరివాడు సామేలు తన బిడ్డ కవితను వెంటబెట్టుకుని వచ్చాడు. జగిత్యాల దవాఖానలో నర్సు పనికి మొగిలి దగ్గరే దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ పిలుపు మెయిల్‌కు రావాలి. ఆ మెయిల్ తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్ ఎవరో మార్చేశారు.

మొగిలి జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే జైపాల్‌కు ఫోన్ చేసి, హెచ్చరికతో సహా జరిగిందంతా చెప్పాడు.

"కరెంటు పోతే ఏం జేస్తవే?"

"బంద్ జెయ్య, నిద్రపుచ్చుత."

"గదే తప్పు! అది డిస్కుల లేదు, మెమొరీల ఉన్నది, కొట్టిన పాస్‌వర్డ్‌లన్ని దొంగిలిస్తున్నది. నువ్వు లేపినప్పుడల్లా దాన్ని గూడ లేపుతున్నవ్. ముందు నెట్ వైరు పీకు. పూరాగ బంద్ జేస్తె మెమొరీ ఖాళైతది, అది పోతది; మల్ల చాలు జేసి స్కాన్ పెట్టు. నీ దగ్గర పాస్‌వర్డ్ కొట్టినోళ్లందర్కి చెప్పు, వేరే కంప్యూటర్ల మార్చుకోమను."

చెబితే దుకాణం పరువు పోతుంది. అయినా మొగిలి షట్టర్ మీద రాసిపెట్టాడు, సైకిలేసుకుని ఊళ్లు తిరిగి చెప్పాడు. తిట్లు తిన్నాడు.

జైపాల్ మోటార్ సైకిల్ మీద తన లాప్‌టాప్ తెచ్చాడు. సామేలునూ కవితనూ పిలిపించి, పాస్‌వర్డ్ మార్చడానికి సామేలు ఫోన్‌కు వచ్చిన నంబరు కొట్టి కవిత మెయిల్ తెరిచారు. పిలుపు వచ్చే ఉంది. ఇంటర్వ్యూ మొన్ననే అయిపోయింది.

మొగిలి తల పట్టుకుని కూర్చున్నాడు. సామేలే ఓదార్చాడు. "పోనియ్ రా, బస్సులే లేకపాయె. ఎట్ల పోతుండె?"

కవిత తెర వైపే చూస్తూ మెల్లగా అంది.

"నడ్సుకుంటనన్న పోతుంటి నాయినా."